ఇంకాస్త నీలం

శుక్రవారం పొద్దున ఖదీజా పెరట్లో కూర్చుని భర్త లాల్చీకి నీలిమందు పెడుతోంది. బకెట్లో నీళ్ళు అప్పటికే చిక్కటి నీలంగా ఉన్నాయి. అయినా గుమ్మంలో నిలబడి చూస్తున్న సత్తార్‌కు అవి చాలలేదు.

"ఇంకాస్త వెయ్యవే."

"వేశాను కదా."

"ఏసినట్టు ఏడ కనపడతంది? పోయిన వారం చూసుకుంటే శనగపిండి పూసినట్టుంది. జుమా నమాజుకు ఏసుకుపోయే లాల్చీ, అట్టా ఉంటే ఎట్టా?"

ఖదీజా సీసా మూత తీసి ఇంకాస్త ఒంపింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడది ఇదే పద్ధతి. ఆయన ఉప్పు తక్కువంటే ఉప్పు వేస్తుంది, నీలం తక్కువంటే నీలం వేస్తుంది. వాదించడానికి ఓపిక కావాలి, ఆ ఓపికేదో ఉంటే ఇంకో పని తెములుతుందని ఆవిడ లెక్క. చాలా కాపురాలు ఇలాగే సాఫీగా నడుస్తాయి. చెడితే కూడా ఇలాగే చెడతాయి.

నరసరావుపేటలో వాళ్ళింటికి ముందు గది స్టూడియో, వెనక గదులు కాపురం. సత్తార్ ఆ స్టూడియో పెట్టిన రోజుల్లో ఫొటోలు నలుపు తెలుపు. ఆయన సన్న కుంచె పట్టుకుని పెళ్ళికూతురి బుగ్గకు గులాబీ రంగు, చీర అంచుకు బంగారు రంగు అద్దేవాడు. సత్తార్ రంగు వేసిన ఫొటో అని చెప్పి మరీ జనం గోడలకు తగిలించుకునేవాళ్ళు. కుంచెలు పోయి కంప్యూటర్ వచ్చాక కూడా ఒక ఆనవాయితీ మిగిలిపోయింది. ఏ పెళ్ళి ఆల్బమైనా సత్తార్ చూసి "పంపు" అన్నాకే అచ్చుకు గుంటూరు ల్యాబ్‌కు వెళ్తుంది. కొడుకు వసీం ఊళ్ళు తిరిగి ఫొటోలు తీస్తాడు. కోడలు జెబా వాటిని ఆల్బంగా కూర్చుతుంది. మామ ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని రంగులు సరిచేయిస్తాడు.

జెబా పరాయి పిల్ల కాదు. సత్తార్ చెల్లెలి కూతురు, పుట్టిల్లు మాచర్ల. ఆయన్ని మామూ అంటుంది, నువ్వు అనే పిలుస్తుంది. చిన్నప్పుడు వసీంను కూడా ఒరేయ్ అనేది. పెళ్ళయ్యాక మీరు అనడం మొదలుపెట్టింది. అది మొగుడి మీద గౌరవం కాదు, అత్త ఖదీజా కళ్ళురిమిన ఫలితం.

ఆ శుక్రవారం పొద్దున వసీం, జెబా లోపలి గదిలో ఒక ఆల్బం ముందు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకుంటున్నారని మర్యాదకు అనుకోవాలి. వసీం నిలబడి అరుస్తున్నాడు, జెబా కూర్చుని వింటోంది.

ఆ ఆల్బం క్రోసూరు అలివేలమ్మది. ఆవిడ పెద్ద కొడుకు కృష్ణచైతన్య పెళ్ళిది. ముందురోజు బస్సెక్కి వచ్చి దాన్ని బల్ల మీద పడేసి, అనాల్సినవన్నీ అని వెళ్ళింది.

"ఏందయ్యా ఇది? మా కోడలికి పాము కరిచినాక తీశారా ఫొటోలు? పెదాలు చూడు, గోళ్ళు చూడు. హిమజ ఎట్టాంటి ఛాయ, దీంట్లో ఎట్టా ఉంది? మా వియ్యపురాలు చూసి ఏమందో తెలుసా? మీ ఇంటికి పంపిన నెలకే మా పిల్ల ఇట్టా అయిపోయిందేంది వదినా అంది. నేనేం చెప్పాల?"

మళ్ళీ చేయించి ఇస్తానని వసీం బతిమాలాడు.

"చేసియ్యి. మా చిన్నోడి పెళ్ళి కూడా నీకే చెప్దామనుకున్నా. ఇది సరిగా వచ్చినాక చూద్దాం," అని ఆవిడ లేచింది.

అంతకుముందు గురజాల వాళ్ళ ఆల్బం మీద కూడా ఇదే మాట వచ్చింది. అప్పుడు తప్పు ల్యాబ్ మీదికి తోసి ఊరుకున్నారు. ల్యాబ్ వాళ్ళు మాత్రం మీరు పంపిందే వేశాం అని తెగేసి చెప్పారు.

"నీ కళ్ళకేమైంది? మనిషి మొహం నీలంగా ఉంటే కనపడదా నీకు?" అన్నాడు వసీం.

"దీంట్లో నీలంగా లేదు. మీరే చూడండి."

వసీం వంగి మానిటర్ వైపు చూశాడు. నిజమే, హిమజ మొహం మామూలుగానే ఉంది. ఆ మానిటర్ వాళ్ళ పెళ్ళికి ముందెప్పుడో కొన్నది. పలకలా చదరంగా ఉంటుంది. ముసలిదై తెర మొత్తం పసుపు బారింది. పెళ్ళి ఆల్బం షీటు రెండు పేజీలూ కలిపి బారెడు వెడల్పుంటుంది. చదరపు తెర మీద అది సగమే పడుతుంది. జెబా పెళ్ళికొడుకును చూసుకుని, పక్కకు జరిపి, పెళ్ళికూతురిని చూసుకుంటూ నెట్టుకొస్తోంది. ఇద్దరినీ ఒకచోట చూడాలంటే అచ్చయి రావాల్సిందే.

"వెడల్పుది ఒకటి తీసుకుందామని ఎప్పటి నుంచో చెప్తన్నా," అంది.

"తీసుకుంటా. ఇయ్యాలే తీసుకుంటా. ఇదొక్కటే చెప్తన్నా విను. కొత్తదాంట్లో కూడా ఇట్టాగే వస్తే డిజైనింగ్ మొత్తం గుంటూరు వాళ్ళకిచ్చేస్తా. నువ్వు వంటింట్లో అమ్మీకి సాయంగా ఉండు."

జెబా తను కూర్చున్న కుర్చీని బల్లకు మరికాస్త దగ్గరగా లాక్కుంది. వంటిల్లు తక్కువ పనని కాదు. ఆ కుర్చీ ఆమెకు ఊరికే రాలేదు. పెళ్ళయిన కొత్తలో కోడలు స్టూడియోలో కూర్చుంటే చుట్టాలు ఏమనుకుంటారోనని ఇంట్లో అందరూ జంకారు. అందులో వసీం కూడా ఉన్నాడు. సత్తార్ ఒక్కడే, "దానికి రంగు తెలుసురా. చిన్నప్పుడు నా కుంచెలన్నీ ఎత్తుకుపోయేది. కూర్చోనీ," అన్నాడు. కుర్చీ తనే తెచ్చి వేసి, తను స్టూలు లాక్కున్నాడు. ఎవరేమన్నా ఆయనే జవాబు చెప్పుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు జెబాకు తనో మనిషినని అనిపిస్తుంది. అది పోతే ఏం మిగులుతుందో ఆమె ఆలోచించదలుచుకోలేదు.

అందుకే వసీంకు ఆమె సగమే చెప్పింది. మిగతా సగం ఏమిటంటే, ఆ ఆల్బంలో నీలం ఆమె తనంతట తాను పెంచలేదు. సత్తార్ పెంచమన్నాడు. ప్రతి షీటు దగ్గరా ముందుకు వంగి, "పసుపు కొడతంది, ఇంకాస్త నీలం పెంచు," అన్నాడు. ఆమె పెంచింది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ పెంచింది. పెరట్లో అత్త, గదిలో కోడలు ఒకే పని చేస్తున్నారని అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

తెర పసుపు బారింది కాబట్టి మామూకు అలా కనపడుతోందని జెబా తనకు తాను సర్దిచెప్పుకుంది. కొత్తది వస్తే అన్నీ చక్కబడతాయి. లోపల ఎక్కడో వేరే అనుమానం ఉంది గానీ దాన్ని పైకి రానివ్వలేదు.

నమాజు అయ్యాక సత్తార్, వసీం, జెబా ముగ్గురూ ఆటో ఎక్కి మల్లమ్మ సెంటర్‌లో కాలేషా కంప్యూటర్ కొట్టుకు వెళ్ళారు. కాలేషా కూడా అదే మసీదు నుంచి వచ్చి అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. సత్తార్‌కు సలాం చెప్పాడు. ఆయన లాల్చీ వైపు చూశాడు, ఏదో అనబోయాడు, మానుకుని కుర్చీలు వేశాడు.

లోపల గోడ పొడవునా మానిటర్లు వరసగా వెలుగుతున్నాయి. వసీం నేరుగా వెళ్ళి వంపు తిరిగిన పెద్దదాని ముందు నిలబడ్డాడు.

"ఇది తీసుకుందాం. లోపలికొచ్చినోడు దీన్ని చూసే అడ్వాన్సు ఇయ్యాల."

"వంపుది ఒక్కళ్ళు కూర్చుని చూసుకోను బాగుంటది," అంది జెబా. "మన దగ్గర ఫొటోలు ఏరను పెళ్ళికూతురోళ్ళు ఒక పక్క, పెళ్ళికొడుకోళ్ళు ఒక పక్క కూర్చుంటారు. వారకు కూర్చున్నోళ్ళకు రంగు మారిందనుకోండి, మావాళ్ళను నల్లగా చేశారని గొడవ. పోయినేడు అయిందిగా."

అయింది. ఒక పెళ్ళికూతురి మేనత్త బల్లకు ఆ చివర కూర్చుని, పాత మానిటర్లో తన మొహం మసిగా కనపడితే, మగపెళ్ళివారు డబ్బిచ్చి చేయించారని లేచింది. ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి చూపించేసరికి ఇంకో వైపు వాళ్ళు లేచారు.

కాలేషా నవ్వాడు. "అమ్మాయి చెప్పిందే కరెక్టు వసీం. ఇది చూడమ్మా. వెడల్పుగా, తిన్నగా ఉంటది. ఏ పక్కన కూర్చున్నా రంగు ఒకటే కనపడతది. రంగులు కంపెనీలోనే సరిచూసి పంపుతారు."

జెబా తన పెన్‌డ్రైవ్ ఇచ్చింది. హిమజ, కృష్ణచైతన్య తలంబ్రాలు పోసుకుంటున్న షీటు తెర మీదికి వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా మొత్తం పడింది. పెళ్ళికొడుకు ఎత్తిన చెయ్యి, పెళ్ళికూతురి వంచిన తల, మధ్యలో గాల్లో ఉన్న బియ్యం. తను చేసిన పనిని జరపకుండా, వెతుక్కోకుండా ఒక్కచూపులో చూడటం జెబాకు అదే మొదటిసారి. సంతోషంతో ఆమె తెరకు ఇంకా దగ్గరగా జరిగింది.

మరుక్షణం ఆమె చూసింది హిమజ మొహాన్ని. అది నీలంగా ఉంది. అలివేలమ్మ ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు.

"పసుపు కొడతంది," అన్నాడు వెనక నుంచి సత్తార్.

జెబా వెనక్కి తిరగలేదు. కాలేషా ఫొటో తీసేసి ఉత్త తెల్ల పేజీ పెట్టాడు. "ఇప్పుడు చూడు భాయ్."

"ఇదీ పసుపే."

కాలేషా పక్క మానిటర్లో పెట్టాడు, ఆ పక్కదాంట్లో పెట్టాడు. వరసంతా తెల్లగా వెలిగింది. సత్తార్ ఒక్కోదాని ముందు ఆగి తల అడ్డంగా ఊపుతూ పోయాడు. చివరికి కాలేషా ప్రింటర్ కాగితాల కట్ట విప్పి ఒక కాగితం తీసి చేతికిచ్చాడు.

"పాత కాగితం ఇచ్చి తెలుపంటావేందిరా?" అన్నాడు సత్తార్.

ఆ తెల్లటి తెరల మధ్య నిలబడ్డ మామూను జెబా అప్పుడు పరీక్షగా చూసింది. ఆయన లాల్చీ నీలంగా ఉంది. తెలుపులో నీలపు ఛాయ కాదు, బడిపిల్లల చొక్కా అంత నీలం. వారం వారం పెరట్లో తీగ మీద ఆరేదే. తనూ చూస్తున్నదే. ఆమె కాలేషా వైపు చూస్తే అతను కళ్ళు దించుకుని కాగితాలు సర్దుతున్నాడు. ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆమెకు అంతా అర్థమైపోయింది.

వసీంకు మాత్రం ఇదంతా పట్టలేదు. అతని మనసు వంపు మానిటర్ మీదే ఉంది. "అబ్బా, ఏదో ఒకటి చెప్పు. పొద్దుపోతంది," అన్నాడు తండ్రితో.

సత్తార్ కాగితం కాలేషాకు తిరిగిచ్చేశాడు. "నాకేదీ నచ్చలా. కానీ రోజూ పనిచేసేది పిల్ల. అది అడిగిందే ఇయ్యి కాలేషా."

ఆ మాటతో జెబాకు ఇంకా కష్టమైంది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన మామూ, "బాగా చెప్పావే, పెళ్ళికూతురి మేనత్త సంగతి," అని నవ్వుతున్నాడు. ఆమె కూడా నవ్వినట్టు మొహం పెట్టింది.

రెండు రోజులు ఆమె ఆల్బం మొత్తం మళ్ళీ చేసింది. సత్తార్ చేయించిన మార్పులన్నీ తీసేసి, వసీం తీసిన ఫొటోల నుంచి మొదలుపెట్టింది. కొత్త తెర మీద హిమజ మామూలు ఆడపిల్లలా, కాస్త చెమటతో, కాస్త సిగ్గుతో ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు వేసే చిన్న ప్రింటర్‌లో ఒకటి అచ్చు తీసి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఎండలో చూసుకుంది. ఎక్కడా ఏ లోపమూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సత్తార్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వసీం గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. సోమవారం షీట్లు ల్యాబ్‌కు వెళ్ళకపోతే అలివేలమ్మకు చెప్పిన రోజుకు ఆల్బం అందదు.

"మొదటిది తియ్యి," అన్నాడు సత్తార్.

తీసింది.

"పసుపుంది. ఇంకాస్త నీలం పెంచు."

జెబా చెయ్యి మౌస్ మీద ఉంది. కదలలేదు.

"నీలం పెంచమంటన్నానే."

"పెంచను మామూ."

సత్తార్ వినపడనట్టు చూశాడు. ఆ ఇంట్లో ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. వసీం ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఏంది నువ్వనేది? అబ్బా చెప్పినట్టు చెయ్యి. నువ్వు పుట్టకముందు నుంచి ఆయన రంగులు చూస్తన్నాడు."

"ఒకసారి మీరొచ్చి చూడండి," అని జెబా మానిటర్‌ను భర్త వైపు తిప్పింది. "ఇది నేను చేసింది. ఇది మామూ చెప్పినట్టు పెంచితే." ఒక్క నొక్కు నొక్కింది. కొత్త తెర దేన్నీ దాచలేదు. హిమజ పెదాలు నీలమయ్యాయి.

వసీం చూశాడు. అతనికీ తెలిసింది. తెలిసి నేల వైపు చూశాడు. తండ్రి ముందు నోరు తెరవడం అతనికి చేతకాదు, కోపమంతా భార్య మీద చూపించడమే చేతనవును. ఆ పనే చేశాడు.

"పని చెయ్యడం ఇష్టం లేకపోతే కుర్చీలోంచి లే. గుంటూరు వాళ్ళే చేస్తారు."

జెబా లేచింది. లేచి కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకుంది.

"లేస్తా. గుంటూరు వాళ్ళయినా మామూ చెప్పినట్టు చేస్తే ఇట్టాగే వస్తది. మామూ, నువ్వు పసుపుందన్నావు, ల్యాబ్‌ను తప్పుపట్టాం. పసుపుందన్నావు, మానిటర్ మార్చాం. కొట్లో ఉన్నవన్నీ పసుపేనన్నావు. కాగితం కూడా పసుపేనన్నావు. ఇంకేం మార్చాల మామూ?"

సత్తార్ మొహం ఎర్రబడింది. "అంటే? నాకు కళ్ళు కనపడటం లేదంటావా? సత్తార్‌కు రంగు తెలవదంటావా నువ్వు?"

అరుపులు విని ఖదీజా పెరట్లోంచి వచ్చింది. చేతిలో తీగ మీద నుంచి తీసిన లాల్చీ ఉంది. ఆవిడకు మానిటర్ల సంగతి తెలియదు. కానీ చివరి మాటలు విన్నది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి చేతిలో లాల్చీ వైపు చూసుకుంది. తర్వాత దాన్ని పట్టుకెళ్ళి తెల్లగా వెలుగుతున్న తెర పక్కన పరిచింది.

"ఇదేం రంగో చెప్పండి," అంది.

"తెలుపే. ఇంకా పసుపు వదల్లా."

"నీలం. ముదురు నీలం." ఖదీజా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీరు ఇంకాస్త ఇంకాస్త అంటుంటే వేశాను. ముసలాయన చాదస్తం, పోనీలే అనుకున్నా. చూస్తానే ఉన్నా, చెప్పలేదు. నేనే చెప్పలేదు."

సత్తార్ లాల్చీని దగ్గరికి తీసుకుని చూశాడు, దూరంగా పట్టుకుని చూశాడు. ఆయనకు అందులో నీలం ఎక్కడా కనపడలేదు. తలెత్తి ముగ్గురి మొహాలూ చూశాడు. భార్య ఏడుస్తోంది. కొడుకు గోడ వైపు తిరిగాడు. కోడలు మాత్రం ఆయన కళ్ళలోకే చూస్తోంది. జీవితమంతా మొహాలు చూసి బతికిన మనిషి. రంగు మోసం చేసినా మొహాలు చేయవు. అవి ముగ్గురివీ ఒకే మాట చెబుతున్నాయి.

"అందరికీ తెలుసన్నమాట," అన్నాడు నెమ్మదిగా. లాల్చీ మడిచి స్టూలు మీద పెట్టి, ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. సాయంత్రం టీకి కూడా లోపలికి రాలేదు.

వసీం గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి, "ముందే నాకు చెప్పొచ్చుగా," అన్నాడు భార్యతో.

"చెప్తే మీరేం చేసేవాళ్ళు?"

వసీం "కూర్చో," అని కుర్చీ ముందుకు జరిపాడు.

మర్నాడు పొద్దున సత్తార్ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "జెబా, రా. కంటాసుపత్రికి పోదాం," అన్నాడు. వసీం బండి తీయబోతే వద్దన్నాడు. వెళ్ళేముందు జెబాతో, "షీట్లు పంపు. నన్నడగమాక. నువ్వు చూశావుగా, చాలు," అన్నాడు. పెళ్ళి ఆల్బం ఆ ఇంట్లోంచి ఆయన చూడకుండా వెళ్ళడం అదే మొదలు.

ఆటో ఎక్కాక అన్నాడు. "మా అబ్బాకు కంటి ఆపరేషన్ చేయిస్తే ఉన్న కన్ను కూడా పోయింది. మసకగా ఉందని నాకూ కొంచెం తెలుసు. ఆ భయంతోనే ఎవరికీ చెప్పలా. కానీ రంగు సంగతి తెలవదే. అల్లా తోడు, నాకు అట్టాగే కనపడింది."

"తెలుసు మామూ."

రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయని డాక్టరు చెప్పింది. లోపలి పొర పసుపు బారితే లోకమంతా పసుపుగానే కనపడుతుందని, మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదని చెప్పింది. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేద్దామంది. సత్తార్ జెబా వైపు చూశాడు. ఆమె తలూపింది.

కన్ను మానేలోపు ఆల్బం వచ్చింది. అలివేలమ్మ స్టూడియోలో కూర్చుని ఒక్కో షీటూ తిప్పి, చివర మూసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది మా కోడలు," అంది. చిన్నోడి పెళ్ళి ముహూర్తం ఎప్పుడో చెప్పి వెళ్ళింది.

కంటికి పెట్టుకున్న నల్లద్దాలు తీసేయొచ్చని చెప్పిన రోజు సత్తార్ తిన్నగా లోపలి గదిలోకి వచ్చాడు. కొత్త మానిటర్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. జెబా తెల్ల పేజీ పెట్టింది. ఆయన ఆపరేషన్ కాని కన్ను మూసి చూశాడు. అది తెరిచి, ఆపరేషన్ అయిన కన్ను మూసి చూశాడు. మళ్ళీ మార్చాడు. తెలుపు అంత తెల్లగా ఉంటుందని ఆయన మర్చిపోయి చాలా కాలమైంది.

"ఆ పాత ఆల్బం ఏదీ?"

"ఎందుకు మామూ ఇప్పుడు?"

"తే."

అలివేలమ్మ పడేసి వెళ్ళిన ఆల్బం బీరువాలోంచి తీసి ఇచ్చింది. సత్తార్ మొదటి పేజీ తిప్పాడు. తలంబ్రాల షీటు దగ్గర ఆగిపోయాడు. హిమజ నీలపు మొహం మీద వేలు పెట్టి, బుగ్గ మీద మెల్లగా రాశాడు. ఒకప్పుడు ఆ వేలికి గులాబీ రంగు ఉండేది.

"ఇది నేను చేసిందేనా?"

"ఇద్దరం కలిసి చేశాం."

"కాదు. నేను చేశా, మాట నువ్వు పడ్డావు. గుంటూరు వాళ్ళకిస్తానని వాడంటుంటే నేనక్కడే ఉన్నా. నీ చెయ్యి సరిగా లేదేమోనని నేనూ అనుకున్నా." ఆయన కళ్ళు తుడుచుకోబోతే డాక్టరు రుద్దొద్దన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి దించేశాడు. నీళ్ళు అలాగే గడ్డంలోకి జారాయి. "ముందే ఎందుకు చెప్పలేదే?"

"ఈ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది నువ్వు. ఆ స్టూలు మీద నుంచి నిన్ను లెమ్మని ఎట్టా చెప్పను?" అని జెబా ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ వసీం ఆ ఏడుపు విని లోపలికి రాలేకపోయాడు. రాత్రి అతను భార్యను క్షమించమని అడిగాడని తర్వాత ఖదీజాకు తెలిసింది. అడిగిన తీరు బాగోలేదని, అయినా సరే క్షమించానని జెబాయే చెప్పింది.

ఆ పై శుక్రవారం ఖదీజా కొత్త లాల్చీ ఇస్త్రీ చేసి పెట్టింది. సత్తార్ దాన్ని పక్కన పెట్టి, "పాతది ఏదీ?" అన్నాడు. ఆవిడ ఎన్నిసార్లు ఉతికినా నీలం పూర్తిగా వదలని లాల్చీని తెచ్చి ఇచ్చింది. ఆయన ఆపరేషన్ అయిన కన్ను మూసి చూశాడు.

"ఈ కంటికి తెలుపే." ఇంకో కన్ను మూశాడు. "ఇది ఏసుకునా నేను ముందు వరసలో నిలబడింది? కాలేషా చూశాడు, అందరూ చూశారు. ఒక్కడూ చెప్పలా."

"మీరు పెద్దవారని ఊరుకున్నారు," అంది ఖదీజా.

"నువ్వూ అందుకే ఊరుకున్నావు. మన వసీం కూడా అందుకే. కాదనే మనిషి లేకుండా ఇంటిని పెట్టుకున్నది నేనే గదా." అంటూ ఆ పాత లాల్చీలోనే చేతులు దూర్చాడు.

"కొత్తది ఉంటే ఇదెందుకండీ?"

ఆయన గుండీలు పెట్టుకుంటూ లోపలి గది వైపు తల తిప్పాడు. అలివేలమ్మ చిన్న కొడుకు నిశ్చితార్థం ఫొటోలు కొత్త తెర మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని ఉన్నాయి. వసీం తండ్రిని చూసి అలవాటు కొద్దీ, "అబ్బా, పంపమంటావా?" అన్నాడు.

"నన్నడుగుతావేందిరా? కుర్చీలో ఉన్న మనిషిని అడుగు."

వసీం భార్య వైపు తిరిగి అడిగాడు. జెబా షీట్లన్నీ ఇంకోసారి చూసుకుని, "పంపండి," అంది. అలా అంటున్నప్పుడు ఆమె మామూ వైపు చూడలేదు, ఆయనా ఆమె చూడాలని ఆగలేదు.

సత్తార్ టోపీ పెట్టుకుని గుమ్మం దాటాడు. నీలపు లాల్చీ ఎండలో బాగానే కనపడుతోంది. దాన్ని చూస్తూ ఖదీజా వెనక నుంచి అంది, ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని.

"అననీ," అన్నాడు సత్తార్. "నీలం నేనే ఎక్కువ వేయించుకున్నానని చెప్తా. మా కోడలు చెప్తే తెలిసిందని చెప్తా."